రత్తయ్య గారి క్రాంకు ఎందుకు విరిగింది?

పామర్రు,
12-9-1999

విజయవాడ ఆటోనగర్‌లో క్రాంకులు గ్రైండింగ్ చేసే అబ్దుల్ రవూఫ్ భాయ్‌కి, పామర్రు రత్తయ్య వ్రాయునది. ఇక్కడ నేను, మా సుబ్బరత్నం, రెండు గేదెలు క్షేమం. లారీ క్షేమంగా లేదు.

మొన్న శుక్రవారం విజయవాడలో ఎరువుల బస్తాలు ఎక్కించుకుని హనుమాన్ జంక్షన్ వెళ్తుంటే, గన్నవరం ఎయిర్‌పోర్టు ఎదురుగా ఇంజన్లో ధన్‌మని ఒక్క మోత మోగింది. అంతే. అటు విమానం లేచింది, ఇటు నా లారీ కూలబడింది. మెకానిక్ ఇంజన్ విప్పి చూసి, "క్రాంకు రెండు ముక్కలైందండీ" అని నాకు పుట్టినరోజు శుభాకాంక్షలు చెప్పినట్టు నవ్వుతూ చెప్పాడు.

ఈ క్రాంకు మార్చి నెలలో మీ షాపులో గ్రైండింగ్ చేయించింది. నిండా ఆరు నెలలు కాలేదు. "నా చేతిలో పడ్డ క్రాంకు ఇంజన్ అరిగిపోయినా విరగదు" అని పాతికేళ్ళుగా మీరు చెప్తుంటే విని, మధ్యలో ఎన్ని షాపులున్నా దాటుకుని మీ దగ్గరికే వచ్చాను. ఎందుకు విరిగిందో నాకు రాతపూర్వకంగా సమాధానం కావాలి.

ఇట్లు,
వేమూరి రత్తయ్య

తా.క. ఫోన్ చేద్దామనుకున్నాను. ఎస్టీడీ బూత్‌లో మీటరు గిర్రున తిరుగుతుంటే నాకు తిట్లు గుర్తు రావు. అందుకని ఉత్తరం.


ఆటోనగర్, విజయవాడ,
17-9-1999

ప్రియాతిప్రియమైన రత్తయ్య గారికి, మీ రవూఫ్ రెండు చేతులూ ఎత్తి చేసే సలాములు. చెల్లెమ్మ సుబ్బరత్నం గారికి నమస్కారాలు. గేదెలకు కూడా నా తరపున గడ్డి వేయించండి.

కవరు మీద మీ దస్తూరీ చూడగానే నాకెంత సంతోషమైందో చెప్పలేను. "నజీమా! పామర్రు నుంచి రత్తయ్య గారు ఉత్తరం రాశారు!" అని మా ఆవిణ్ణి వంటింట్లోంచి పిలిచి మరీ విప్పాను. విప్పి చదివాక ఇద్దరం అన్నం తినలేదు.

రత్తయ్య గారూ, మీ మొదటి లారీ 1974లో మా షాపుకి వచ్చిన రోజు నాకు నిన్నటిలా ఉంది. అప్పుడు ఆటోనగర్ అంటే నాలుగు రేకుల షెడ్లు, మోకాలి లోతు బురద. మీరు గోనెసంచీ నిండా తాటి ముంజలు తెచ్చారు. క్రాంకు పని అయ్యేదాకా రెండు రాత్రులు మా నులక మంచం మీదే పడుకున్నారు. మెషిన్ తిరుగుతుంటే జోలపాటలా ఉందని, ఆపితే మెలకువ వస్తోందని నన్ను కేకలేశారు. అటువంటి మీకు నా షాపు నుంచి విరిగే క్రాంకు ఇస్తానా?

అసలు సంగతి చెప్తాను. నాలుగో తరగతి చదువు నాది, తప్పులుంటే మన్నించండి. క్రాంకు విరగడమనేది ఉన్నట్టుండి జరగదు. క్రాంకు అంటే ఇంజన్లో తిరిగే వంకర ఇరుసు, దాంట్లో ఇంజన్ దిమ్మకి ఆనుకుని తిరిగేవి మెయిన్లు. పిస్టన్ రాడ్లు పట్టుకుని తిరిగేవి పిన్నులు. మెయిన్‌కైనా, పిన్నుకైనా పక్కనున్న చెక్కతో, అంటే ఇనుప పలకతో, కలిసే చోట ఒక మూల ఉంటుంది. ఆ మూల గిన్నె అడుగులా గుండ్రంగా ఉండాలి. అగ్గిపెట్టె మూలలా పదునుగా ఉండకూడదు. అందుకని గ్రైండింగ్ రాయి అంచుని ముందుగానే డైమండు పనిముట్టుతో గుండ్రంగా చెక్కుకుని మొదలుపెట్టాలి. తొందరపడ్డవాడు చెక్కడు. అప్పుడు ఆ పదును మూలలో వెంట్రుకంత పగులు పుడుతుంది. లారీ నడిచే ప్రతిరోజూ అది కొంచెం కొంచెం పాకుతుంది. పాకి పాకి ఒకరోజు ధన్‌మంటుంది.

మీ క్రాంకుకి 1993లో మెయిన్లు, పిన్నులు అన్నీ నా చేత్తో చేశాను. మొన్న మార్చిలో మెయిన్లు బాగానే ఉన్నాయని ముట్టుకోలేదు. పిన్నులు మటుకు మా ఆసిమ్ చేశాడు. ఇక చెప్పేదేముంది? మీ ఉత్తరం చేతిలో పట్టుకునే మెషిన్ దగ్గరికి వెళ్ళి, పదిమంది ముందు "ఒరే, రాయి అంచు చెక్కావా?" అని అడిగాను. "చెక్కాను అబ్బాజాన్" అన్నాడు. "చెక్కితే రత్తయ్య గారి క్రాంకు ఎందుకు విరుగుతుంది? ముప్ఫై ఏళ్ళ పేరు ఆరు నెలల్లో మట్టిలో కలిపావు" అన్నాను. వాడు చేతులు తుడుచుకున్నాడు, ఏప్రన్ మేకుకి తగిలించాడు. కోడలు అఫ్సానానీ, మూడేళ్ళ మనవరాలు సిద్రానీ తీసుకుని మంగళగిరి అత్తారింటికి వెళ్ళిపోయాడు. వాళ్ళ మామగారిది చీరల కొట్టు.

దయచేసి క్రాంకు విరిగిన చోట ముఖం ఎలా ఉందో రాయండి. వీలైతే ముక్కలు బస్సులో వేసి పంపండి. నేనే వద్దును గానీ, గవర్నర్‌పేటలో మెట్టు తప్పి మోకాలికి కట్టు కట్టించుకున్నాను.

మీ మేలు కోరే,
అబ్దుల్ రవూఫ్

తా.క. మా వాడు చీరల కొట్లో కూడా మైక్రోమీటరు బుద్ధి మానలేదట. ఐదున్నర మీటర్ల చీర వెంట్రుక తక్కువగా ఉందని నిన్న ఒకావిడకి అమ్మనన్నాడట. మామగారు కబురు పంపించారు, "బావగారూ, మీ వాణ్ణి తీసుకెళ్ళండి" అని.


పామర్రు,
27-9-1999

రవూఫ్ భాయ్‌కి రత్తయ్య వ్రాయునది. క్షేమ సమాచారాలు పోయిన ఉత్తరంలోవే, మార్పు లేదు.

మీ ఉత్తరం మా టీ కొట్టు దగ్గర పైకి చదివించాను. అందరూ ఒక్కటే మాటన్నారు. పగులు రోజూ కొంచెం కొంచెం పాకుతుందని మీరే రాశారంటే, పగులున్న సంగతి మీకు ముందే తెలుసన్నమాట. తెలిసి తెలిసి ఆరు నెలలు నా చేత ఎరువుల బస్తాలు మోయించారన్నమాట. ఇప్పుడు ముక్కలు కూడా పంపమంటున్నారంటే సాక్ష్యం చేతిలో పడేసుకుందామని చూస్తున్నారన్నమాట. ఇవి నా మాటలు కావు. మా కరణం గారి తమ్ముడు రామకోటేశ్వరరావు మాటలు. ఆయన రెండేళ్ళు లా చదివాడు.

ఇక విరగడానికి కారణాలంటారా, ఊళ్ళో మనిషికొకటి చెప్తున్నారు. బస్తాలు ఎక్కువేశావంటాడు ఒకడు. నేను లెక్కకి మించి ఒక్క బస్తా వెయ్యను, ఎప్పుడైనా నాలుగు. దిగుడులో డ్రైవరు గేరు తప్పించి ఇంజన్ని పరిగెత్తించాడంటాడు ఒకడు. మన డెల్టాలో దిగుడెక్కడుంది, కాలవలోకి తప్ప? ఇంజన్ ముందు కప్పీలో ఉండే డాంపర్ రబ్బరు ఎండిపోతే క్రాంకు అదిరి అదిరి విరుగుతుందని మెకానిక్ అంటున్నాడు. శనివారం కొన్న ఇనుమని సుబ్బరత్నం అంటోంది. నేను మాత్రం మీ షాపే అంటున్నాను.

ముఖం ఎలా ఉందని అడిగారు. సగం నున్నగా మెరుస్తోంది. దాని మీద అర్ధచంద్రాకారంగా గీతలు, ఒకదాని వెనక ఒకటి, కాలవలో రాయేస్తే లేచిన అలల్లా ఉన్నాయి. తక్కిన సగం పటికబెల్లం విరిచినట్టు గరుకుగా ఉంది. ముక్కలు పంపను. వరండాలో ఉంటే ఎవరైనా ఎత్తుకుపోతారని ఇద్దరు మనుషుల చేత మోయించి నట్టింట్లో పెట్టించి తాళం వేశాను. లారీ ఓనర్ల సంఘంలో పంచాయితీ పెడితే అప్పుడు బయటికి తీస్తాను.

ఇట్లు,
వేమూరి రత్తయ్య

తా.క. మీ అబ్బాయి వెళ్ళిపోయిన దానికి నాకు సంబంధం లేదు. సుబ్బరత్నం మాత్రం, "పాపం చంటిపిల్లకి కొత్త నీళ్ళు పడ్డాయో లేదో కనుక్కో" అని నన్ను పొడుస్తోంది. కనుక్కోమంది కాబట్టి కనుక్కుంటున్నాను.


ఆటోనగర్, విజయవాడ,
11-10-1999

మహారాజు లాంటి రత్తయ్య గారికి రవూఫ్ సలాములు. సిద్రాకి నీళ్ళు పడ్డాయి. చీరల కొట్లో జరీ దారాలు తిని ఒకరోజు ఏడ్చిందట, అంతే. చెల్లెమ్మ అడిగిందంటే నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మీరు నన్ను దొంగ అన్నా ఫరవాలేదు, పంచాయితీ పెట్టినా ఫరవాలేదు. నేను రాసింది మీ ఒక్క క్రాంకు గురించి కాదండీ, లోకంలో విరిగే క్రాంకులన్నిటి గురించీ. నాకు రాయడం రాదు, తిరగడం మాత్రమే వచ్చిన మెషిన్‌తో ముప్ఫై ఏళ్ళు మాట్లాడినవాణ్ణి.

మీరు చూసిన అర్ధచంద్రాలే అసలు సాక్ష్యం! ఆ నున్నటి సగం నెలల తరబడి పగిలింది. ఆ గరుకు సగం గన్నవరంలో ఒక్క క్షణంలో తెగింది. ఒక్కొక్క గీతా పగులు కాస్త ఆగి మళ్ళీ బయలుదేరిన చోటు. ఆ గీతలన్నీ ఒక్క చోటు చుట్టూ ఉంటాయి. అలలు రాయి పడ్డ చోటు చుట్టూ ఉన్నట్టు. ఆ చోటే పగులు పుట్టిల్లు. నాకు తెలియాల్సింది అదొక్కటే. పుట్టిల్లు పిన్ను వైపు మూలలో ఉందా, మెయిన్ వైపు మూలలో ఉందా? పిన్ను వైపైతే మా వాడి తప్పు. మెయిన్ వైపైతే...

మెయిన్ వైపు కాదులెండి. అది నా చెయ్యి.

కానీ రత్తయ్య గారూ, నేను వాణ్ణి చూడకుండా తిట్టాను. ఈ నెలరోజులూ షాపుకి వచ్చి కూర్చుంటే మేకుకి వాడి ఏప్రన్ ఒకటే కనిపిస్తోంది. నజీమా నాతో మాట్లాడటం మానేసి, గోడతో చెప్పి నాకు అన్నం పెడుతోంది. "గోడా, ఈయన్ని తినమను" అంటుంది. వాడిదే తప్పని రుజువైతే వాడి దగ్గరికి వెళ్ళి, "తప్పు ఎవరైనా చేస్తారురా, రా" అనగలను. రుజువు కాకపోతే ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? ఒక్కసారి టార్చిలైటు వేసి చూసి రాయండి.

మీ
అబ్దుల్ రవూఫ్

తా.క. అన్నిటికంటే ముఖ్యం. ఆ ముఖాన్ని కడగొద్దు, తుడవొద్దు, తోమొద్దు. రెండు ముక్కల్నీ ముఖానికి ముఖం ఆనించొద్దు. పసిపిల్లాడి కళ్ళలా చూసుకోండి. ఇది వేరే కాగితం మీద రాసి చెల్లెమ్మకి చూపించండి.


పామర్రు,
22-10-1999

రవూఫ్ భాయ్‌కి రత్తయ్య వ్రాయునది.

పండగ సెలవుల వల్ల మీ ఉత్తరం నిన్న వచ్చింది. దసరా మంగళవారం అయిపోయింది. ఇక చదువుకోండి.

నట్టింట్లో మసి ఇనుము పెట్టానని సుబ్బరత్నం పది రోజులు సణిగింది. ఆయుధ పూజకి తాళం అడిగింది, ఇచ్చాను. ఇది సాక్ష్యమే, ముట్టుకోకు అని చెప్పాను. "సాక్ష్యమైతే మాత్రం స్నానం చెయ్యక్కర్లేదా?" అంది. ముందు రెండు ముక్కల్నీ ముఖానికి ముఖం కలిపి ఒకటిగా నిలబెట్టబోయింది. అతకలేదు. నూరుకున్నాయి. తర్వాత చింతపండు, ఇటుకపొడి, కొబ్బరిపీచు పెట్టి, పూజ సామాను తోమినట్టు తోమింది. ఆ పైన నువ్వులనూనెలో కుంకుమ కలిపి ఒళ్ళంతా పట్టించింది. ఒక రోజు ఉంచి తుడిచి పొడి పసుపు అద్దింది. మీ అర్ధచంద్రాలు లేవు, పుట్టిల్లూ లేదు. రెండు ముఖాలూ అమ్మవారి ముక్కుపుడకలా మెరుస్తున్నాయి. మీ కాగితం చూపించాను. "ముందే రాయొచ్చుగా ఆయన!" అంది మీ చెల్లెమ్మ.

ఇప్పుడు కొత్త గొడవొకటి. పెద్ద ముక్క మీద, ఒక చోట పసుపులోంచి ఎర్రటి సన్న గీత లేచింది. వెంట్రుకంత. సుబ్బరత్నం తుడిచి మళ్ళీ పసుపు అద్దింది. తెల్లారేసరికి మళ్ళీ ఉంది. మూడు రోజులు తుడిచింది, మూడు రోజులూ వచ్చింది. ఇంకెక్కడా రాలేదు. పక్కింటి బుల్లెమ్మ చూసి రెండు చేతులూ జోడించింది. నిన్నటి నుంచి మా ఇంటికి జనం. కొబ్బరికాయలు ఏడొచ్చాయి. రామకోటేశ్వరరావు లా పుస్తకాలు వదిలేసి గుమ్మంలో చెప్పులు కాపలా కాస్తున్నాడు. పాత ఇనుము కొట్టువాడు వస్తే సుబ్బరత్నం చీపురు తీసింది.

నేను లారీ లేక, ఇంట్లో చోటు లేక, గట్టు మీద కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను. పంచాయితీ సంగతి తర్వాత చూద్దాం. ముందు ఈ గీత ఏమిటో రాయండి.

ఇట్లు,
వేమూరి రత్తయ్య

తా.క. నేనూ దణ్ణం పెట్టాను. సుబ్బరత్నం పక్కనే ఉంది, తప్పలేదు.


ఆటోనగర్, విజయవాడ,
1-11-1999

నా ప్రాణానికి ప్రాణమైన రత్తయ్య గారికి, మీ రవూఫ్ ఆనందంలో తలకిందులైపోయి వ్రాయునది. అక్షరాలు వంకరగా ఉంటే అది చెయ్యి కాదు, సంతోషం.

మొన్న గురువారం మీరు గుడివాడ వెళ్ళిన సమయంలో మీ ఇంటికొచ్చాం. చెల్లెమ్మ సగమే చెప్పి ఉంటుంది. పూర్తిగా నేను చెప్తాను.

మీ ఉత్తరం చదవగానే మోకాలి కట్టుతోనే ఆటో ఎక్కాను. పామర్రు రాలేదు, మంగళగిరి వెళ్ళాను. మా వాడు చీరల మధ్య కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. నేను మీ ఉత్తరం తీసి పైకి చదివాను. కొబ్బరిపీచు దగ్గర వాడి పెదవి కదిలింది. చెప్పుల కాపలా దగ్గర నవ్వాడు. ఎర్ర గీత దగ్గర నవ్వు ఆపేశాడు.

"అబ్బాజాన్, మనం కిరసనాయిలు, సుద్దపొడితో చేసే పరీక్షే కదా ఇది?" అన్నాడు.

అవునండీ! మా షాపులో అనుమానమొచ్చిన క్రాంకుకి కిరసనాయిలు పట్టించి, తుడిచి, సుద్దపొడి చల్లుతాం. కంటికి కనపడని పగులుంటే అందులో దూరిన కిరసనాయిలు మెల్లగా పైకొచ్చి సుద్దని తడుపుతుంది. చెల్లెమ్మ నూనె పెట్టింది, కుంకుమ కలిపింది, ఒక రోజు నాననిచ్చింది, తుడిచింది, పసుపు అద్దింది. నా ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఇంత శ్రద్ధగా ఒక్క క్రాంకునైనా పరీక్ష చేయలేదు నేను.

ఇద్దరం బస్సెక్కి మీ ఇంటికి వచ్చాం. చెల్లెమ్మ మజ్జిగ ఇచ్చింది. కాళ్ళు కడుక్కుని లోపలికి రమ్మంది. ఆసిమ్ వంగి చూశాడు. నేను వాడి మొహం చూశాను.

"పిన్నులు ఎలా ఉన్నాయిరా?" అన్నాను.

"మీరే చూడండి."

చూశాను. వాడు చేసిన పిన్నుల మూలలు చిన్న ఉంగరాల్లా గుండ్రంగా ఉన్నాయి. ఒక్కదాని మీదా ఎరుపు లేదు. గీత ఉన్నది మెయిన్ మూలలో. ఎడమ వైపు మూల. గోరు పెట్టి చూస్తే అగ్గిపెట్టె. పక్క మెయిన్ ఎడమ మూల, అదీ అగ్గిపెట్టె. విరిగిన చోట మెయిన్ ఎడమ మూల, అదీ అంతే. వరసగా అన్నీ. అంటే ఆ రోజు రాయికి ఎడమ అంచు చెక్కకుండానే మెయిన్లన్నీ చేశాడు ఎవడో.

ఎవడో ఏమిటి, నేనే.

చింతపండు దెబ్బకి ఆరేళ్ళ మసి వదిలి, చెక్క మీద నేను పంచ్‌తో కొట్టిన తేదీ కూడా బయటపడింది. 9-11-93. ఆ తేదీ చూడగానే నేను మీ నట్టింట్లో చతికిలబడ్డాను. చెల్లెమ్మ మోకాలు నొప్పనుకుని జండూబామ్ కోసం పరిగెత్తింది.

ఆ రోజేమిటో మీరూ గుర్తు తెచ్చుకోండి రత్తయ్య గారూ, మీరు మా షాపులోనే ఉన్నారు. మా ఆసిమ్ ఒకసారి తప్పి, రెండోసారి ఐటీఐ పాసైన రోజు. పొద్దున్న రాయికి కుడి అంచు చెక్కాను. ఎడమ అంచుకి తిప్పుతుంటే వాడు సైకిలు కింద పడేసి, "అబ్బాజాన్, పాసయ్యా!" అని గేటు దగ్గర్నుంచి అరిచాడు. డైమండు అక్కడే పెట్టేసి పరిగెత్తాను. వన్‌టౌన్ నుంచి రెండు కేజీల జిలేబీ తెప్పించాను. మీకు నాలుగు పెట్టాను, మీరు ఇంకో రెండు అడిగారు. షెడ్డు షెడ్డుకీ తిరిగి, మా వాడు మెకానిక్ అయ్యాడు, సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ అయ్యాడు అని చెప్పి, తిరిగొచ్చి, ఈల వేసుకుంటూ మెషిన్ ఆన్ చేశాను. ఎడమ అంచు సంగతి ఎవరికి గుర్తుంది?

ముప్ఫై ఏళ్ళలో నేను చెడగొట్టింది ఆ ఒక్క క్రాంకే అయ్యుండాలి. బయటపడ్డది మటుకు అదొక్కటే. మా వాడు పాసైనందుకు విరిగింది. దానికి నేను వాణ్ణే తిట్టాను!

మా వాడు నన్ను లేపడానికి చెయ్యి ఇస్తూ, "ఆ మూలతో కూడా ఆరేళ్ళు లాగింది అబ్బాజాన్. డాంపర్ రబ్బరు ఎండిపోకపోతే ఇంకా లాగేది. వస్తూ మెకానిక్ దగ్గర చూశాను, రాయిలా ఉంది. తప్పు సగం దానిది" అన్నాడు.

"లేదురా, మొత్తం నాదే. అందులో నీకు గానీ, రబ్బరుకి గానీ వాటా ఇవ్వను" అన్నాను. నాకు ఏడుపూ నవ్వూ కలిపి వచ్చాయి. తప్పు నాదని తెలిస్తే ఇంత హాయిగా ఉంటుందని ఈ అరవై ఏడేళ్ళలో ఎవరూ చెప్పలేదు నాకు. తెలిస్తే ఎన్ని ఒప్పుకునేవాణ్ణో!

శనివారం ఆసిమ్, కోడలు, సిద్రా ఇంటికొచ్చేశారు. నజీమా గోడని వదిలి నాతో మాట్లాడింది. మొదటి మాట, "ముసలాడా!" అంది. ఎంత తీయగా ఉందో.

మీకు ఇంకో క్రాంకు చూశాం. మెయిన్లు, పిన్నులు అన్నీ ఆసిమే చేస్తాడు. కొత్త డాంపర్ కూడా వేయిస్తాం. ఖర్చు మాది. చెల్లెమ్మ ముందే ఒప్పుకుంది, మీరు కాదంటే ఆవిడతో చూసుకోండి. వచ్చేటప్పుడు నులక మంచం సిద్ధంగా ఉంటుంది, మెషిన్ ఆపకుండా నడిపిస్తాం. పాత ముక్కలు మాకొద్దు. చెల్లెమ్మ ఇవ్వదు కూడా. పగులు సంగతి అంతా విడమరచి చెప్తే విని, "సరే అన్నయ్యా, మరి ఆ తండ్రీకొడుకుల్ని కలిపింది ఎవరంటావు?" అంది. నేను ఇంకో గ్లాసు మజ్జిగ అడిగాను.

మీ చేతులు పట్టుకుని,
అబ్దుల్ రవూఫ్

తా.క. మీ క్రాంకు నేను ముట్టుకోవడం లేదని మీరు నిశ్చింతగా ఉండొచ్చు. శనివారం సరదాకి మెషిన్ దగ్గరికి వెళ్తే మా వాడు స్విచ్ ఆపేశాడు. "అబ్బాజాన్, మీరిప్పుడు చాలా సంతోషంగా ఉన్నారు. అది తగ్గేదాకా గేటు దగ్గర కుర్చీలో కూర్చోండి" అన్నాడు. ఇవాళ్టికి మూడో రోజు. ఈ ఉత్తరం ఆ కుర్చీలోంచే రాస్తున్నాను. ఇంకా తగ్గలేదండీ.